ఓడ కథ, గుమాస్తా కథ

తమిళనాడులోని రాజపాళయంలో పాత బస్టాండు వెనక వీధిలో ఒక రేడియో రిపేరు కొట్టు ఉండేది. దాని యజమాని సురేష్‌బాబు. నాలుగు తరాలుగా ఎండుమిరపకాయల వ్యాపారం చేస్తున్న ఆ ఇంట్లో, గోడౌనులో తుమ్మకుండా పావుగంట కూర్చోలేని మగవాడు ఆయన ఒక్కడే. తండ్రి విసిగిపోయి, ఏదో ఒకటి చేసుకొమ్మని వీధివైపు గది వదిలేశాడు. ఆ గదిలోకి మొదట రేడియోలు వచ్చాయి, తర్వాత టేపురికార్డర్లు, తొంభై మూడులో కేబుల్ టీవీ. మిద్దె మీద డిష్ నిలబెట్టి, పొన్‌రాజ్ అనే లైన్‌మన్‌ను పెట్టుకొని, ఎనిమిది వీధులకు వైరు లాగించాడు.

ఆయనకు చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే నోట్లో మాట ఉండదు. చెడిపోయిన సామాను తెచ్చినవాళ్ళు ఏమైందని అడిగితే, "బాగయింది, తీసుకునిపో" అనేవాడు. ఏమైందో, ఎలా బాగైందో చెప్పడం ఆయనకు దండగ పని. కూతురు యువశ్రీకి ఈ సంగతి పుట్టినప్పటినుంచీ తెలుసు. తెలిసినా, దానికి అలవాటు పడటం ఆమెకు ముప్పై ఆరేళ్ళు వచ్చినా చేతకాలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో సగం ఇళ్ళు స్పిన్నింగు మిల్లు షిఫ్టుల మీద నడిచేవి. ఈ వారం పొద్దుటి షిఫ్టు అయితే వచ్చే వారం సాయంత్రం, ఆపై వారం రాత్రి. రాత్రి ఎనిమిదింటి సీరియలు రెండు వారాలు చూసినవాడు మూడో వారం చూడలేడు. అందుకని సురేష్‌బాబు సీరియళ్ళు క్యాసెట్టు మీద ఎక్కించి, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు తన సొంత చానెల్లో మళ్ళీ వేసేవాడు. ఊళ్ళో దానికి సెకండ్ షో అని పేరు. ప్రకటనలు వచ్చినప్పుడల్లా రికార్డింగు ఆపి, అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టడానికి ఆయన వీసీఆర్ మెషిను పక్కనుంచి లేచేవాడు కాడు. టేపు మిగలాలని స్లో స్పీడులో ఎక్కించేవాడు. బొమ్మ వణికితే మెషిను మూత తీసి, లోపలి భాగాలను తన చెవికీ కంటికీ సరిపోయేలా తిప్పుకొనేవాడు. కంపెనీ లెక్కకు అది తప్పు. ఆ తప్పువల్ల, ఆ మెషినులో ఎక్కించిన క్యాసెట్లు ఇంకే మెషినులో వేసినా గీతలు తప్ప ఏమీ కనిపించవు.

సెకండ్ షోలో ఎక్కువ కాలం నిలిచినవి రెండు సీరియళ్ళు. రెండూ తమిళంలో వచ్చినవే, రెండూ సైన్సు కథలే. ఒకటి 'ఏళాం కప్పల్', అంటే ఏడో ఓడ. భూమి విడిచి ఆకాశంలోకి పోయిన ఏడు కుటుంబాలు, మూడు తరాల తర్వాత తిరిగి వస్తూ దారి తప్పుతాయి. వారం వారం ఓడకు ఏదో ఒక గండం. ప్రతి భాగం ఎవరో ఒకరు కెవ్వుమనే చోట ఆగుతుంది. రెండోది 'నాళైయ తంది', అంటే రేపటి టెలిగ్రాం. ఒక చిన్న రైల్వే స్టేషన్లో తంతి గుమాస్తా. ఆయన మెషినుకు మర్నాడు రావలసిన తంతులు ఈ రోజే వస్తుంటాయి. చావు కబుర్లు, ఉద్యోగాలు, పెళ్ళి కుదిరిందనే మాటలు. వాటిని ఇప్పుడే ఇవ్వాలా, రేపటిదాకా దాచాలా? ముప్పై తొమ్మిది వారాలు ఆ గుమాస్తా ఆ గదిలోనే కూర్చొని, కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళతో మాట్లాడుతుంటాడు. అంతే కథ.

ఓడ కథ వచ్చిన ఏడాది పిల్లలు అగ్గిపెట్టెలతో ఓడలు చేశారు. గుమాస్తా కథకు అలాంటివి ఏమీ జరగలేదు. కానీ రెండూ అయిపోయాక కూడా, జనం కొట్టుకు ఫోను చేసి ఫలానాది మళ్ళీ వెయ్యమని అడిగేవాళ్ళు. ఏది ఎంత అడిగారో సురేష్‌బాబుకు టేపు చూస్తే తెలిసేది. ఓడ క్యాసెట్లు ఒక్కొక్కచోట అరిగిపోయి, తెల్ల గీతలు పడి ఉండేవి: నిప్పంటుకొనే ఘట్టం దగ్గర, బిడ్డ పుట్టే ఘట్టం దగ్గర. మిగతా భాగం కొత్తదిలా ఉండేది. గుమాస్తా క్యాసెట్లు మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా, సన్నగా అరిగాయి. అడిగినవాళ్ళు తక్కువ, కాని అడిగినవాళ్ళకు అంతా కావాలి.

ఓడ కథలో ఒక చిక్కు ఉండేది. దాన్ని రాసినవాళ్ళు కక్ష్య, గురుత్వాకర్షణ, ఇంధనం లాంటి వాటికి ఎవరూ ఇంట్లో వాడని పుస్తకాల తమిళం వాడారు. పుట్టు తమిళులే నవ్వుకొనేవాళ్ళు. ఆ ఎనిమిది వీధుల్లో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది తెలుగు. ముసలమ్మలు ఫోను చేసి, ఆ ఓడ ఎందుకు తిరుగుతున్నాదని వాసవమ్మను అడిగేవాళ్ళు. వాసవమ్మ సురేష్‌బాబు భార్య. ఒక్కొక్కరికీ చెప్పలేక, ఆమె ఒక ఆదివారం పొద్దున మైకు పట్టుకొని మెషిను ముందు కూర్చుంది. క్యాసెట్టులో బొమ్మను ముట్టకుండా శబ్దం మాత్రం చెరిపి దాని మీద మాట ఎక్కించే మీట ఒకటి ఉండేది. ఆ రోజునుంచి ఓడ కథ మొదట్లో టైటిలు పాట పోయి, వాసవమ్మ గొంతు వచ్చింది. పోయిన వారం ఏమైందో, ఈ వారం ఏమవుతుందో రెండు నిమిషాల్లో తెలుగులో చెప్పేసేది. ఈ వారం ఏమవుతుందో ముందే చెప్పెయ్యడం ఏమిటని తమిళ ఇళ్ళవాళ్ళు మొదట గొడవ చేశారు. తర్వాత వాళ్ళూ దానికోసమే కాచుకొని కూర్చున్నారు. తనకు వచ్చిన తెలుగంతా ఆ ఓడలోనే వచ్చినాదని పొన్‌రాజ్ ఇప్పటికీ అంటాడు.

గుమాస్తా కథకు ఆమె మాట ఎక్కించలేదు. కూర్చున్నవాడు కూర్చునే ఉంటే తానేం చెప్పాలి అనేది. భార్యాభర్తలకు ఈ విషయంలో ముప్పై ఏళ్ళు వాదం నడిచింది. నలుగురు నవ్వుకొని, భయపడి, మర్నాడు మాట్లాడుకొనేదే కథ అని ఆమె. సురేష్‌బాబు వాదించేవాడు కాడు. ఆమె ఊళ్ళో లేనప్పుడు గుమాస్తా కథ వేసుకొని చూసేవాడు, అదే ఆయన వాదం.

తర్వాత పెద్ద కంపెనీల సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి, సొంత చానెల్ పోయింది. పొన్‌రాజ్ షేర్ ఆటో కొనుక్కున్నాడు. పన్నెండేళ్ళ కిందట వాసవమ్మకు గొంతులో గడ్డ తీశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గాని, మాట గుసగుసలోకి దిగిపోయింది. అందరి చేతికీ మాట రికార్డయ్యే సెల్‌ఫోన్లు వచ్చింది ఆ తర్వాతే. కాబట్టి యువశ్రీ ఫోనులో అమ్మ మాటలు ఎన్ని ఉన్నా, అన్నీ ఆ గుసగుసలే. పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వాసవమ్మ పోయింది. ఆ పాత గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలని యువశ్రీ చాలాసార్లు ప్రయత్నించింది. మాటలు గుర్తొచ్చేవి, గొంతు వచ్చేది కాదు. అది మిగిలి ఉన్న చోటు ఒక్కటే: బీరువా అడుగున ఉన్న ఆరు ఓడ క్యాసెట్లు.

ఇలక్కియా ఈ ఏడాది వానలకు ముందు చెన్నైనుంచి వచ్చింది. పాత టీవీ కార్యక్రమాలను చెడిపోకుండా దాచే చిన్న బృందంలో పని ఆమెకు. 'నాళైయ తంది' తీసిన కంపెనీ మూతపడిందని, అసలు టేపులు ఎక్కడా లేవని, ఎవరో రాజపాళయం పేరు చెబితే వెతుక్కుంటూ వచ్చానని చెప్పింది. గుమాస్తా క్యాసెట్లు నాలుగూ ముందు పెడితే, వాటిని చేత్తో ముట్టుకోవడానికి కూడా కాసేపు సంకోచించింది. వాటి మీద తెల్లటి బూజు పట్టి ఉంది. ఇంకొక వానాకాలం ఆగవని చెప్పింది. క్యాసెట్టులోది కంప్యూటరులోకి ఎక్కించడానికి తెచ్చిన పెట్టెను లాప్‌టాపుకు తగిలించి, అటువైపు సురేష్‌బాబు మెషినుకు తగిలించింది. ఆమెకు ఉన్న వ్యవధి మూడు రోజులు.

ఓడ కథ సంగతి ఆమె అడగలేదు. దాని శుభ్రమైన కాపీ ఇంటర్నెట్‌లో ఉంది, కంపెనీవాళ్ళే పెట్టారు. అందులో టైటిలు పాట ఉంది. వాసవమ్మ లేదు.

సురేష్‌బాబు మెషిను మూత తీసి, బొమ్మ చదివే హెడ్డును టార్చితో చూశాడు. చాలాసేపు చూశాడు. ఇంక కొన్ని గంటలే పనిచేస్తుందని తమిళంలో ఇలక్కియాతో చెప్పాడు. ఇలాంటి హెడ్డు ఇప్పుడు ఎక్కడా దొరకదు. పెట్టినా ఈ క్యాసెట్లు చదవదు.

రెండు కథలకూ ఆ గంటలు చాలవని అప్పుడు యువశ్రీకి అర్థమైంది. ఆమె గాయాలకు కట్టే గుడ్డలు తయారుచేసే ఒక కంపెనీ ల్యాబులో పని చేస్తుంది. గుడ్డముక్క నీళ్ళలో వేసి, అది ఎన్ని సెకన్లలో మునుగుతుందో చూసి రాయాలి. సెకన్లంటే ఆమెకు తెలుసు. ఓడ కథ యాభై రెండు భాగాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. రెండు గంటలు కూడా పట్టదు. ఆ మాట తండ్రితో తెలుగులో అన్నది. ఇలక్కియాకు తెలుగు రాదు.

"నాయనా, ముందు అమ్మది వెయ్యి. రెండు గంటలే గదా."

"ఓడ క్యాసెట్లు పొడి రాలుస్తుండాయి. అది పోయి హెడ్డులో కూర్చుంటే అప్పురం ఏదీ రాదు. ముందు గుమాస్తా."

"గుమాస్తా అయ్యేలోపల మెషిను చచ్చిపోతే?"

"పోతే పోతాది."

యువశ్రీకి అంతకంటే గట్టిగా ఎవరూ చెంప మీద కొట్టలేరనిపించింది. ముప్పై ఏళ్ళు గెలవని వాదం, అవతలి మనిషి పోయాక గెలవాలని చూస్తున్నాడనుకున్నది. "ఆమె ఉంటే ఈ మాట అనేవాడివా?" అని మాత్రం అన్నది. సురేష్‌బాబు స్పిరిట్ సీసా మూత తీసి, దూదితో గుమాస్తా మొదటి క్యాసెట్టు తుడవడం మొదలుపెట్టాడు. ఏమిటి గొడవ అని ఇలక్కియా అడిగితే, భోజనం సంగతి అన్నాడు.

మూడు రోజులు గది కిటికీలు మూసి పని చేశారు. ఒక భాగం అయ్యేసరికి ఇరవై రెండు నిమిషాలు. ప్రతి రెండు భాగాలకు ఆపి హెడ్డు తుడవాలి. యువశ్రీ ల్యాబుకు లీవు పెట్టి వచ్చి, మాట్లాడకుండా దూది అందించేది. ఆమె ఆ కథను చిన్నప్పుడు సరిగా చూడలేదు. ఇప్పుడు వద్దనుకుంటూనే చూసింది. గుమాస్తా కిటికీ దగ్గరికి ఒక ముసలాయన వచ్చి, కొడుకునుంచి తంతి వచ్చిందా అని అడుగుతాడు. రేపు రావలసిన చెడ్డ కబురు గుమాస్తా చొక్కా జేబులో ఉంటుంది. రాలేదని చెప్పి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పిస్తాడు. ఆ భాగం మొత్తం ఆ మజ్జిగ తాగడమే. యువశ్రీ దూది అందించడం మరిచిపోయింది. సురేష్‌బాబు చెయ్యి చాపి ఉంచాడు, అడగలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మెషిను చల్లారేదాకా ఆపినప్పుడు, ఇలక్కియా ఫోను ముందు పెట్టి సురేష్‌బాబును ప్రశ్నలు అడిగింది. రెండు సీరియళ్ళలో ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది అన్నది. ఆయన టేపు అరుగుదల సంగతి చెప్పాడు, నాలుగే మాటల్లో. అప్పటికే పొన్‌రాజ్ ఆటో ఆపి లోపలికి వచ్చి కూర్చున్నాడు. అతనికి ఆ జవాబు నచ్చలేదు.

"ఆ గుమాస్తా కథకి నేను స్తంభం మీద నిలబడే నిద్రపొయ్యినాను, అన్నా. నా ఆటో వెనక చూడు, ఏం బొమ్మ ఉండాది? ఓడ. ఎక్కే పిల్లోళ్ళెవరూ ఆ సీరియల్ చూసినోళ్ళు కాదు. అయినా ఓడ ఆటో వచ్చినాదనే అంటారు. నీ గుమాస్తాని ఎవురన్నా ఆటో మీద ఏసినారా?"

"వెయ్యలేదు," అన్నాడు సురేష్‌బాబు.

"అదే చెప్తుండా."

"చూడనివాడికి ఓడ తెలుస్తాది. చూసినవాణ్ణి గుమాస్తా విడవడు. రెండూ వేరే వేరే, పొన్‌రాజ్."

అంత పొడుగు మాట ఆయన నోట ఆ ఏడాదిలో రాలేదు. యువశ్రీ తల ఎత్తి చూసింది. పొన్‌రాజ్ ఇలక్కియా వైపు తిరిగి, ఇది కూడా రికార్డు అయిందా, అయితే తన పేరు కింద రాయమని తమిళంలో చెప్పాడు.

మూడో రోజు మధ్యాహ్నం, ముప్పై ఆరో భాగం చివర్లో బొమ్మ అడుగునుంచి చెదరడం మొదలైంది. సురేష్‌బాబు తుడిచాడు, తిప్పాడు, మళ్ళీ తుడిచాడు. గుమాస్తా ముఖం ఒకసారి నిలబడి, పక్కకు జారి, తెర నిండా ఉప్పు చల్లినట్టు చుక్కలు నిండిపోయాయి. హెడ్డు పోయింది. ఇంకా మూడు భాగాలు ఉన్నాయి. ఇలక్కియా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చుండిపోయింది.

యువశ్రీ బీరువా వైపు చూడకూడదనుకొని గోడ గడియారం వైపు చూసింది. మూడు గంటలా పది నిమిషాలు.

"ఎందుకు ఆపేసినారు? ఎక్కించమని చెప్పు ఆ పాపకి," అన్నాడు సురేష్‌బాబు.

"ఏం ఎక్కించాల? బొమ్మే లేదు."

"మాట వస్తుండాది గదా."

నిజమే. చుక్కల వెనకనుంచి గుమాస్తా మాట్లాడుతూనే ఉన్నాడు. బొమ్మ చదివే హెడ్డు వేరు, మాట చదివే హెడ్డు వేరు. మొదటిది గిర్రున తిరిగి అరుగుతుంది. రెండోది ఒక మూల కదలకుండా ఉంటుంది, దానికి ఏమీ కాదు. కొత్త మెషిన్లయితే బొమ్మ లేనప్పుడు నీలం తెర వేసి నోరు మూసుకుంటాయి. ఇది ఆ రకం కాదు. ఇదంతా ఆయన తమిళంలో ఇలక్కియాకు చెబుతుంటే యువశ్రీ విన్నది.

"ఈ సంగతి మొన్న నాకు చెప్పుంటే ఏమి, నాయనా?"

"నువ్వు అడగలేదే."

"అడగాలని నాకు తెలియాల గదా."

"ఆమా, నిజమే," అన్నాడు ఆయన. "చెప్పుండాల్సింది."

చివరి మూడు భాగాలు ముగ్గురూ చుక్కలు చూస్తూ విన్నారు. మాటల కథ కాబట్టి ఎక్కడా దారి తప్పలేదు. కుర్చీ కిర్రుమంటే గుమాస్తా లేచాడని తెలిసింది, గిన్నె మోగితే మజ్జిగ అని తెలిసింది. ముప్పై తొమ్మిదో భాగం చివర ఒక తలుపు చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఏమైందని ఇలక్కియా అడిగింది. గుమాస్తా మొదటిసారి గది బయటికి పొయ్యినాడని, అక్కడ బొమ్మలో కూడా ఖాళీ కుర్చీ తప్ప ఏమీ ఉండదని సురేష్‌బాబు చెప్పాడు. ఆ అమ్మాయి చాలాసేపు తన లాప్‌టాపులో ఏదో రాసుకుంది.

అప్పుడు ఆయన లేచి, బీరువా అడుగునుంచి ఓడ క్యాసెట్లు తీశాడు. మొదటిది మెషినులోకి తోశాడు. టేపు కదలగానే లోపల ఇసుక రాసుకున్నట్టు చప్పుడు. తెరమీద అవే చుక్కలు. స్పీకరులోనుంచి ఏదో గొంతు వచ్చింది. మొద్దుగా, దుప్పటి కప్పుకొని మాట్లాడినట్టుగా ఉంది. ఆడగొంతే గాని, ఎవరిదైనా కావచ్చు. యువశ్రీ ముందుకు వంగి విన్నది. ఆమెకు ఏమీ అనిపించలేదు. అమ్మ గొంతు వింటే గుర్తుపట్టలేని రోజు ఒకటి వస్తుందని ఆమె అనుకోలేదు.

"ఇది అమ్మేనా?" అన్నది.

సురేష్‌బాబు జవాబుగా మెషిను మీదికి వంగాడు. సన్న స్క్రూడ్రైవరు మూల ఉన్న మరలో పెట్టి, చెవి దగ్గరగా ఆనించి, వెంట్రుకవాసి తిప్పాడు. గొంతు ఇంకా మొద్దుబారింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మర రెండోవైపు తిప్పాడు. మెల్లగా, దుప్పటి ఒక కొస పట్టుకొని లాగినట్టు, గొంతు పైకి వచ్చింది.

"...చూడనోళ్ళకి చెప్తుండా, వినండి. ఓడకి నిప్పు అంటుకునే భాగం ఈ వారం కాదు, ఎవరూ ఫోను చెయ్యొద్దండి. ఈ వారం నీళ్ళు అయిపోతాయి. భయపడొద్దండి, ఎవరూ చావరు, నేను చూసినాను. కథ నచ్చకపోతే నన్ను తిట్టండి. మిషను దగ్గర కూర్చున్నాయన్ని తిట్టొద్దండి, ఆయనకి ఇంకొక కథ మీద మనసుండాది..."

ఎత్తైన గొంతు. నవ్వు ఆపుకొంటున్న గొంతు. చివర అక్షరాల దగ్గర కొంచెం సాగదీస్తుంది. యువశ్రీకి ఆ సాగదీత ఒక్కసారిగా తెలిసింది. వంటింట్లోనుంచి బడికి టైమైందని పిలిచే పిలుపులో అది ఉండేది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొంది.

ఏం చెబుతున్నారని ఇలక్కియా నెమ్మదిగా అడిగింది. యువశ్రీ ఒక్కొక్క మాటా తమిళంలో చెప్పసాగింది. ఎవరూ చావరు అన్న దగ్గర ఇద్దరూ నవ్వారు. మొదటి క్యాసెట్టులో తొమ్మిది భాగాల్లో ఏడు వచ్చాయి. రెండు చోట్ల టేపు పొడిపొడిగా రాలిపోయింది. ఇలక్కియా రాత్రి బస్సు మార్చుకొని మర్నాటికి టికెట్టు తీసుకుంది.

సురేష్‌బాబు మర మీదనుంచి వేలు తియ్యలేదు. ప్రతి భాగానికీ దాన్ని మళ్ళీ కొంచెం తిప్పవలసి వస్తోంది. కూతురు కాఫీ తెచ్చి పక్కన పెడితే ఎడమచేత్తో తీసుకున్నాడు.

"రెండోదాన్లో పాప పుట్టే కథ ఉండాది," అన్నాడు. "అక్కడ నువ్వు ఏడిస్తే ఆమె మైకు పెట్టుకునే నిన్ను సముదాయించినాది. అది కూడా ఎక్కినాది. దూది అందియ్యి."